సూద్ హరామే... మరి ఖర్జె హసనా ఎక్కడ?

పోయిన రంజాన్‌కు ముందు ఒక జుమా. మైదుకూరు అవతల, కేసీ కాలువ నీళ్ళు అందని వైపు, మా ఖాలా వాళ్ళ ఊళ్ళో ఉన్నాను. ఊరి పేరు రాయను, రాస్తే ఖాలాకు ఇబ్బంది. ఆ వారం బయటి నుంచి ఒక మౌల్వీ సాబ్ వచ్చారు. మంచి గొంతు, సాఫ్ ఉర్దూ. బయాన్ సూద్ మీద. వడ్డీ తినేవాడు, ఇచ్చేవాడు, ఆ కాగితం రాసేవాడు, సాక్షి సంతకం పెట్టేవాడు అందరూ ఆ గునాలో షరీకులే అని చెప్పారు. ఆ మాట మీద నాకు ఏ పేచీ లేదు. తర్వాత డ్వాక్రా దగ్గరికి వచ్చారు. మీ ఇళ్ళల్లో ఆడవాళ్ళు సంఘాల పేరు చెప్పి సూద్‌ను గడప లోపలికి తెస్తున్నారు, మర్దులైతే ఆపండి అన్నారు.

సఫ్‌లలో కూర్చున్నవాళ్ళు తలలూపారు. నమాజు అయ్యాక బయటికొచ్చి చెప్పులు వెతుక్కుంటూ చూశాను. మసీదు గోడ పక్కన నిలబెట్టిన ఆటోల్లో రెండు పెళ్ళాల సంఘం లోన్‌తో కొన్నవే. ఎదురుగా ఉన్న చిల్లర అంగడిలో ఫ్రిజ్ కూడా అంతే. మొదటి సఫ్‌లో కూర్చునే ఒక బుజుర్గ్ కొడుకు టౌన్‌లో రోజువారీ ఫైనాన్స్ నడుపుతాడు. కూరగాయల బండ్లవాళ్ళకు పొద్దున తొమ్మిది వందలు ఇచ్చి సాయంత్రానికి వెయ్యి వసూలు చేసుకునే ఫైనాన్స్. ఆ ఫైనాన్స్ మాట మాత్రం ఆ రోజు బయాన్‌లో రాలేదు.

ఇంటికొచ్చి ఖాలాకు చెప్పాను. జొన్నరొట్టెకు పిండి పిసుకుతూ విన్నది. కోపం తెచ్చుకోలేదు. "మౌల్వీ సాబ్ సచ్చిచ్ బోలే రే బేటా. సూద్ హరామిచ్ హై. బిన్ సూద్ కే దేతూఁ బోలే తో కల్‌ఇచ్ సంఘం ఛోడ్ దేతూఁ. జా, పూఛ్ కే ఆ" అన్నది. వడ్డీ లేకుండా ఇస్తానంటే రేపే సంఘం వదిలేస్తుందట. పోయి అడిగి రమ్మంది.

పూఛ్ కే ఆ. ఈ వ్యాసం ఆ మూడు మాటల కోసమే.

మా ఖాలా బేవా. ఖాలూ పోయి పదిహేనేళ్ళు దాటింది. సంఘంలో రెండో లీడర్. పదిమందిలో నలుగురు మనవాళ్ళు, వాళ్ళలో ఇద్దరు దూదేకుల. మిగిలినవాళ్ళు మాల, బోయ, ఒక చాకలి ఇంటి ఆమె. మొదట్లో ఈ పదిమంది ఒకే చాప మీద కూర్చునేవాళ్ళు కాదని ఖాలా నవ్వుతూ చెప్తుంది. ఇప్పుడు మీటింగ్ ఖాలా ఇంట్లోనే. చాప ఒకటే, చాయ్ గ్లాసులూ ఒకటే. మన పెద్దలు భాయీచారా అని మీటింగులు పెట్టి, ఫోటోలు దిగి చేయలేకపోయిన పని నెలకు వంద రూపాయల పొదుపు చేసింది.

ఆ సంఘం పుస్తకాలు తిరగేస్తే నాకు ఇంకో సంతోషం. జమ, ఖర్చు, బాకీ, వసూలు, కిస్తీ, రసీదు, జామీను, తారీఖు. అన్నీ మన మాటలే. ఉర్దూ రాని బోయ ఆమె ఉర్దూలోనే హిసాబ్ చెప్తుంది, ఆమెకు ఆ సంగతి తెలియదు. నవాబులు పోయారు, బనగానపల్లె సంస్థానం పోయింది, ఉర్దూ మీడియం బడుల్లో పిల్లలు తగ్గిపోతున్నారు. భాష మాత్రం సంఘం పుస్తకంలో పదిమంది ఆడవాళ్ళ చేతిరాతలో బతికే ఉంది. మన జబాన్ అక్కడ దాకా పోయింది కానీ మన పైసా పోలేదు. నా బాధ అదే.

ఈ సంఘాల కథలో మన ఖౌమ్‌కు ఒక పెద్ద హిస్సా ఉంది. దాన్ని మనమే మర్చిపోయాం. డ్వాక్రా అనే పథకం 1982లో వచ్చింది. బ్యాంకులు సంఘాలకు నేరుగా అప్పు ఇవ్వొచ్చని 1992లో నాబార్డ్ 500 సంఘాలతో ప్రయోగం మొదలుపెట్టింది. అదే కాలంలో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా అంగళ్ళ మీదికి పోయారు. 1993లో సారా బందయింది. తాగుడుకు పోయే రూపాయి ఇంట్లో మిగిలితే దాన్ని ఏం చేయాలన్న సవాల్‌కు పొదుపు జవాబుగా వచ్చింది. రోజుకు ఒక రూపాయి, నెలకు ముప్పై. ఇంతవరకు చాలామందికి తెలుసు.

కర్నూలు నుంచి నంద్యాలకు పోయే రోడ్డులో ఓర్వకల్లు వస్తుంది. ఇప్పుడైతే అక్కడ విమానాశ్రయం ఉంది, ఆ పక్క కొండల మధ్య సోలార్ పలకలు మైళ్ళకొద్దీ మెరుస్తుంటాయి. 1990ల మధ్యలో అక్కడ రాళ్ళు, కరువు తప్ప ఏమీ లేవు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ళు దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం అని ఒకటి కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలుపెట్టారు. శాప్ అని పిలిచేవాళ్ళు. తర్వాత రాష్ట్రమంతా వచ్చిన వెలుగుకు, ఇందిరా క్రాంతి పథానికి నమూనా అక్కడే తయారైంది. ఊరి సంఘాలు, వాటి మీద గ్రామ సమాఖ్య, దాని మీద మండల సమాఖ్య. (ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మీద పేరు మారుతుంది, లోపల కూర్చునే ఆడవాళ్ళు మాత్రం వాళ్ళే.)

ఆ ఓర్వకల్లు మండలంలో కాల్వ అనే ఊరు ఉంది. ఆ ఊరి సర్పంచ్ ఫాతిమా బీ. 1995 ఎన్నికల్లో సీటు ఆడవాళ్ళకు రిజర్వ్ అయితే నిలబడి గెలిచింది. పరదాలో పెరిగిన మనిషి. అప్పట్లో చాలామంది మహిళా సర్పంచుల మాదిరే పేరు ఆమెది, పెత్తనం భర్తది. పొదుపు సంఘాల ఆడవాళ్ళతో కూర్చోవడం మొదలుపెట్టాక ఆమె సొంత గొంతుతో మాట్లాడింది. 1998లో ఐక్యరాజ్యసమితి వాళ్ళు పేదరికం మీద పోరాటానికి ఇచ్చే అవార్డు ఆమెకు ఇచ్చారు. కాల్వ నుంచి న్యూయార్క్ పోయి తీసుకుంది.

మన జల్సాల్లో ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ ఖదీజా గారి తిజారత్ గురించి గంటలకొద్దీ చెప్తాం. చెప్పాలి కూడా. మక్కా నుంచి షామ్‌కు సరుకు పంపిన తాజిర్ ఆమె. ఆ సరుకు తీసుకుపోయే జిమ్మేదారీని ప్రవక్త గారికి అప్పగించింది. పెట్టుబడి ఒకరిది, మెహనత్ ఇంకొకరిది, లాభంలో ఇద్దరికీ హిస్సా. ఇస్లాంలో ఆడవాళ్ళు వ్యాపారం చేయొచ్చా అని ఇప్పటికీ అడిగేవాళ్ళకు ఆ ఒక్క జవాబు చాలు. కానీ పధ్నాలుగు వందల ఏళ్ళ నాటి అరేబియా పేరు చెప్పినంత సులువుగా పక్క మండలం ఫాతిమా బీ పేరు ఎందుకు చెప్పం? ఖదీజా గారి పేరు చెప్తే ఎవరి ఇంట్లోనూ ఏమీ మారక్కర్లేదు. ఫాతిమా బీ పేరు చెప్తే మన ఇంట్లో ఆడమనిషి గ్రామసభకు పోతానంటుంది. అందుకేనేమో.

ఓర్వకల్లు ఆడవాళ్ళు చేసిన ఇంకో పని చెప్పాలి. కర్నూలు జిల్లాలో సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి ఆడపిల్లల్ని పెట్టేవాళ్ళు. చిన్న వేళ్ళు, తక్కువ కూలి. ఎనిమిదేళ్ళు, పదేళ్ళ పిల్లలు బడి మానేసి పువ్వుకు పువ్వు కలిపేవాళ్ళు. అలాంటి పిల్లలకోసం ఓర్వకల్లు పొదుపు లక్ష్మి ఐక్య సంఘం సొంతంగా బడి పెట్టింది, బాలభారతి అని. చదువుకోని తల్లులు, కూలి తల్లులు కూర్చుని బడి కట్టాలని తీర్మానం రాసుకున్నారు. ఇప్పుడు పట్నాల్లో పెద్ద పెద్ద కాలేజీలలో సోషల్ ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ అని ఫీజు కట్టించుకుని చెప్తున్నారే, దానికి ఇంతకంటే మంచి మిసాల్ నాకు తెలియదు. లాభం కోసమే కాకుండా ఊరి నొప్పి తీర్చడానికి నడిపే కార్ఖానా ఏదైనా అదే. అక్కడ జరిగింది ఒక్కటే: పైసా ఆడవాళ్ళ చేతిలో ఉంది, ఫైసలా కూడా వాళ్ళ చేతిలోనే ఉంది.

ఆ రెండోది ఎక్కడ పోయిందో వెతకాలంటే మా ఖాలా సంఘం పుస్తకాలకు మళ్ళీ రావాలి.

బ్యాంకు లోన్ కావాలంటే సూక్ష్మ రుణ ప్రణాళిక రాయాలి. ఎవరికి ఎంత, దేనికి. ఆ "దేనికి" అనే గడిలో ఏం రాస్తే లోన్ వస్తుందో అందరికీ తెలుసు. గేదె. లేకపోతే చీరల వ్యాపారం. మా ఖాలా ఊళ్ళో సంఘాల పుస్తకాల ప్రకారం లెక్కేస్తే గేదెలు నిలబడటానికి బీళ్ళు సరిపోవు. వీధిలోకి పోయి చూస్తే పది కూడా కనబడవు. కాగితం మీది గేదె ఒక ఇంట్లో బేటీ షాదీ అయింది, ఇంకో ఇంట్లో కర్నూలు పెద్దాసుపత్రి ఖర్చయింది, ఇంకోచోట నీళ్ళు పడని బోరయింది. రాయచోటి, రాజంపేట వైపు పోతే ఆ గేదె విమానం ఎక్కి కువైట్ పోతుంది. ఖద్దామా పనికి పోయే ఆడమనిషి పాస్‌పోర్టుకు, ఏజెంటుకు సంఘం లోన్ కట్టిన ఇళ్ళు నాకు తెలుసు. అక్కడి నుంచి ఆమె పంపే దీనార్లతో ఇక్కడ కిస్తీ కడతారు.

దీన్ని నేను ఝూట్ అనను. మజ్బూరీ అంటాను. ఆ గేదెను నిజంగానే కొన్న ఆమె సంగతి కూడా చూశాను కాబట్టి. ఒకే ఊళ్ళో, ఒకే నెలలో, ఒకే లోన్‌తో పదిమంది గేదెలు కొంటే గేదె ధర అక్కడే పెరుగుతుంది. ఎండాకాలం మేత కొనాలి, నీళ్ళు మోయాలి. పాల ధర డెయిరీవాడు చెప్పిందే. ఆరు నెలలకు ఈతకట్టు అయిపోయి పాలు ఆగిపోతాయి, కిస్తీ మాత్రం ఆగదు. చివరికి గేదెను కొన్న ధరలో సగానికి అమ్మి బాకీ తీరుస్తారు. చీరల వ్యాపారమూ అంతే. కడపలోనో ప్రొద్దుటూరులోనో పది చీరలు తెచ్చి తన వీధిలోనే, తనలాంటి పేదవాళ్ళకే ఉద్దెర అమ్మాలి.

అప్పు సంఘానికి ఇస్తారు, వ్యాపారం మాత్రం ఒంటరిగా చేయమంటారు. బాకీకి పదిమంది జామీను. అమ్మకానికి మాత్రం ఎవరికి వాళ్ళే. ఒకామె కిస్తీ ఎగ్గొడితే మిగిలిన తొమ్మిదిమంది ఆమె గడప ముందు కూర్చుంటారు. ఒకామె సరుకు అమ్ముడుపోకపోతే ఎవరూ వచ్చి కూర్చోరు. అధికారుల రివ్యూలో అడిగేది రికవరీ శాతం. ఏడాది చివర ఆమె చేతిలో ఎంత మిగిలిందని అడిగే గడి ఏ రిజిస్టర్‌లోనూ నేను చూడలేదు. ముప్పై ఏళ్ళు మన ఆడవాళ్ళకు కిస్తీ కట్టడం బ్రహ్మాండంగా నేర్పాం. వాళ్ళంత ఈమాన్‌దారీగా బాకీ కట్టే జమాత్ దేశంలో ఇంకోటి ఉంటే చూపించండి. తిజారత్ మాత్రం నేర్పలేదు.

ఆ ఈమాన్‌దారీ మీద కన్నుపడి ఏమైందో 2010లో చూశాం. మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఊళ్ళ మీద పడ్డాయి. సంఘం తయారు చేసిన పదిమంది జామీను అనే పద్ధతినే తీసుకుని వారం వారం వసూలు చేశాయి. ఒక లోన్ తీర్చడానికి ఇంకో లోన్. ఇజ్జత్ పోయిందని ప్రాణాలు తీసుకున్నవాళ్ళ ఖబర్లు రోజూ వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆపాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ పని ఫోన్‌లో యాప్‌లు చేస్తున్నాయి.

ప్రభుత్వాల సంగతి ఇంకో రకం. 2014 ఎన్నికల్లో మాఫీ మాట వినబడగానే చాలా సంఘాలు కిస్తీలు ఆపాయి. అప్పు మొత్తం మాఫీ కాలేదు. తలకు పదివేలు కిస్తీలుగా వచ్చింది, ఈలోపు వడ్డీ పెరిగింది. 2019లో ఎన్నికలకు ముందు ఇంకో పదివేలు, మూడు చెక్కులుగా, పసుపు-కుంకుమ పేరుతో. మా ఖాలా ఆ చెక్కులు తీసుకుని "పసుపూ నక్కో, కుంకుమా నక్కో, పైసే హోనా" అని నవ్వింది. బేవాకు పసుపు కుంకుమ ఏంటని పక్కనున్న బోయ ఆమె కూడా నవ్వింది. తర్వాత ఇంకో ప్రభుత్వం వచ్చి 2019 ఏప్రిల్ 11 నాటికి ఉన్న బాకీని నాలుగు విడతల్లో ఆసరా అని ఇచ్చింది. నేను మాఫీలకు ఖిలాఫ్ కాదు. బ్యాంకులు పెద్దోళ్ళ బాకీలు రద్దు పద్దుల్లోకి ఎత్తేసినప్పుడు లేవని నోళ్ళు ఖాలా పదివేలకు లేస్తే నాకు మండుతుంది. కానీ ఆ డబ్బు బాకీకి పోయింది, అంగడికి రాలేదు. పాత కిస్తీ తీరింది, కొత్త లోన్ వచ్చింది, గడిలో మళ్ళీ గేదె.

ఇక సూద్ దగ్గరికి. నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇచ్చే ఇల్మ్ నాకు లేదు. ఖురాన్ వ్యాపారాన్ని హలాల్ చేసి, వడ్డీని హరామ్ చేసిందన్న దాంట్లో ఏ ముసల్మానుకూ షక్ లేదు. బాకీదారు తంగీలో ఉంటే మొహలత్ ఇవ్వమని కూడా అదే కితాబ్ చెప్పింది. జకాత్ అందాల్సిన ఎనిమిది రకాల మనుషుల్లో అప్పుల్లో కూరుకుపోయినవాళ్ళు ఒక రకం అని కూడా అక్కడే ఉంది. మన బయాన్‌లలో మొదటిది వినబడుతుంది. తర్వాతి రెండూ ఎప్పుడో ఒకసారి.

సంఘం లోపల తిరిగే పైసా సంగతి వేరే ఆలోచించాలి. నెలనెలా వేసుకున్న పొదుపును వాళ్ళలో ఒకామె నూటికి రూపాయి వడ్డీకి తీసుకుంటుంది. ఆ రూపాయి ఎవరికి పోతుంది? తిరిగి ఆ పదిమందికే, అందులో తనకు కూడా. అది సూద్ కాదని నేను అనను. కానీ తొమ్మిది వందలిచ్చి వెయ్యి గుంజేదాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టి, ఆ మొదటి దాని గురించి నోరు మెదపకపోవడం ఇన్సాఫ్ కాదు. ప్రభుత్వం సున్నా వడ్డీ అని 2012లో పెట్టింది. ఆడవాళ్ళు సకాలంలో కడితే వడ్డీ సర్కారు భరిస్తుంది. అంటే వడ్డీ భారం మన ఆడవాళ్ళ మీద నుంచి తీసేయాలన్న ఖయాల్ మసీదుకంటే ముందు సచివాలయానికి వచ్చింది. చదువుతున్న పెద్దలకు కోపం వస్తే రానివ్వండి.

అసలు వడ్డీ లేని లావాదేవీ మన ఆడవాళ్ళకు కొత్తేం కాదు. మా నానీ కాలం నుంచి చీటీ ఉంది. పాట పాడే చీటీ కాదు, పేర్లు రాసి డబ్బాలో వేసి తీసే చీటీ. పన్నెండుమంది నెలకు ఇంత అని వేస్తారు, ఎవరి పేరు వస్తే ఆ నెల మొత్తం వాళ్ళకు. ఒక్క పైసా వడ్డీ లేదు. కాగితం లేదు, జామీను లేదు, భరోసా ఒక్కటే. ఎవరికైనా అర్జెంటు జరూరత్ వస్తే పేరు వచ్చినామె తన వంతు ఆమెకు వదిలేస్తుంది. ఏ ఆలిమూ వాళ్ళకు ఖర్జె హసనా మీద క్లాసు తీసుకోలేదు. చీటీలో లేనిది ఒక్కటే, పెద్ద మొత్తం. పన్నెండుమంది పేదోళ్ళు కలిస్తే వచ్చేది పేదోళ్ళ మొత్తమే. అందుకే బ్యాంకుకు పోతారు.

బంగ్లాదేశ్‌లో ముహమ్మద్ యూనుస్ 1976లో మొదలుపెట్టింది కూడా ఇలాంటి చోటే. చిట్టగాంగ్ పక్కన జోబ్రా అనే ఊరు. వెదురు మోడాలు అల్లేవాళ్ళకు వెదురు కొనడానికి వ్యాపారి అప్పిస్తాడు, మోడా తన ధరకే తనకే అమ్మాలంటాడు. మన దగ్గర బీడీల యజమాని ఆకు, తంబాకు ఇచ్చి, చుట్టిన కట్టల్లో బాగా లేవని కొన్ని పక్కన పడేసి కూలి కోస్తాడే, అచ్చం అలాగే. యూనుస్ ఆ ఊళ్ళో 42 మందికి కలిపి 27 డాలర్ల బాకీ ఉందని లెక్కతీసి తన జేబులోంచి ఇచ్చాడు. ఆ మొదటి పైసా బ్యాంకుది కాదు, ఒక మనిషిది. ఆ తర్వాత అది వడ్డీ తీసుకునే గ్రామీణ్ బ్యాంకు అయింది, 2006లో నోబెల్ వచ్చింది. నాకు బ్యాంకుకంటే ఆ 27 డాలర్లే ఎక్కువ ఇష్టం.

పాకిస్తాన్ పేరెత్తితే ఎవరేమనుకుంటారో అని ఒక నిమిషం ఆగాను. కానీ మంచి ఎక్కడున్నా మంచే. లాహోర్‌లో 2001లో డాక్టర్ అంజద్ సాఖిబ్ అఖువత్ అనే సంస్థ పెట్టారు. మదీనాలో అన్సార్లు ముహాజిర్లను అన్నదమ్ములుగా కలుపుకున్న ముఆఖాత్ నుంచి ఆ పేరు. మొదటి ఖర్జ్ పదివేల రూపాయలు, ఒక ఆడమనిషికి, వడ్డీ లేకుండా. ఇప్పుడు లక్షల ఇళ్ళకు ఇస్తున్నారు. ఆయనకు 2021లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. నన్ను కదిలించిన సంగతి వేరే ఉంది. ఆ చెక్కులు ఇచ్చేది మసీదులో. మగ, ఆడ ఇద్దరూ వచ్చి కూర్చుంటారు, జామీనుదారు పక్కన ఉంటాడు, అందరి ముందు ఇస్తారు. చర్చిల్లో, మందిరాల్లో కూడా ఇచ్చారు.

మా ఖాలా ఊరి మసీదులోకి ఖాలా ఎప్పుడూ అడుగుపెట్టలేదు. ఆమె బాకీ హలాలా హరామా అని తేల్చే చోట ఆమెకు కూర్చునే చోటు లేదు. సంఘం మీటింగ్‌లో అయితే ఆమె సంతకం లేకుండా తీర్మానం చెల్లదు.

మన దగ్గర ఏం చేయొచ్చో నేను ఒక్క మిసాల్‌తో చెప్తాను. దూదేకుల. మన రెండు జిల్లాల్లో ఊరూరా ఉన్నారు. దూదిని ఏకి పరుపులు, బొంతలు కుట్టడం వాళ్ళ ఖాందానీ పని. నా చిన్నప్పుడు ఆ ఏకే విల్లు టంగు టంగుమంటుంటే నిద్ర లేచేవాణ్ణి. ఫోమ్ పరుపులు వచ్చి ఆ శబ్దం పోయింది. ఆదోనిలో జిన్నింగ్ మిల్లుల నుంచి పత్తి బేళ్ళు బేళ్ళుగా బయటి రాష్ట్రాలకు పోతుంది. దూదేకుల పిల్లోడు ఆటో నడుపుతాడు. వాళ్ళమ్మకు ఇప్పటికీ బొంత కుట్టడం వచ్చు, కుట్టు ఎక్కడ దగ్గరగా వేయాలో, దూది ఎక్కడ మందంగా పరవాలో ఆ చేతులకు తెలుసు. ఆమెకు సంఘం నుంచి యాభై వేలు ఇచ్చి గేదె కొనుక్కోమంటున్నాం.

ఆ పదిమంది దూదేకుల ఆడవాళ్ళకు కలిపి ఐదు లక్షలు ఖర్జె హసనాగా ఇచ్చి, మిల్లు నుంచి దూది టోకుగా కొనిచ్చి, టౌన్‌లో మసీదు కాంప్లెక్స్‌లో ఒక గది మొదటి రెండేళ్ళు కిరాయి లేకుండా ఇస్తే? మన టౌన్లలో ఏ పెద్ద మసీదుకు లేవు గదులు? పాత కిరాయికే ఏళ్ళకేళ్ళు నడిచే అంగళ్ళు ఎన్ని లేవు? మదరసాల హాస్టళ్ళకు పరుపులు కొంటాం, షాదీఖానాలకు కొంటాం, బేటీ షాదీలో జహేజ్ వద్దు వద్దంటూనే పరుపు ఇస్తాం. ఆ ఆర్డర్లు ఈ పదిమందికి రావాలి. బాకీ మొదలు కట్టేది నెలకు కొంత, పరుపులు అమ్ముడుపోయే కాలం చూసి. పెళ్ళిళ్ళ సీజన్‌లో ఎక్కువ, వానాకాలంలో తక్కువ. నష్టం వస్తే? వస్తుంది. ఒక గుంపు మునుగుతుంది. జకాత్‌లో అప్పులవాళ్ళ హిస్సా ఉన్నది దానికే కదా. గేదెల మీద, కువైట్ ఏజెంట్ల మీద ఇప్పటికే ఎంత మునిగిందో దానికంటే ఎక్కువ కాదు.

ఇది సంఘానికి పోటీ పెట్టడం కాదు. ఆ పదిమంది సంఘంలోనే ఉంటారు, పొదుపు వేసుకుంటూనే ఉంటారు. మనవాళ్ళకు వేరే సంఘం, వాళ్ళకు వేరే సంఘం అనే మాట నేను ఎక్కడా ఒప్పుకోను. ఖాలా చాప మీద కూర్చున్న బోయ ఆమెకు కూడా అదే బైతుల్ మాల్ నుంచి ఇవ్వాలి, లాహోర్‌లో చర్చిల్లో ఇచ్చినట్టు. జకాత్ ఇవ్వడంలో షర్తులు ఉంటే సద్ఖా ఉంది, ఇమ్దాద్ ఉంది. మంచి చేయడానికి షరియత్ ఎక్కడా అడ్డం రాలేదు.

ఈద్ తర్వాత వారం ఖాలా ఊరికి మళ్ళీ పోయాను. పూఛ్ కే ఆ అన్నది కదా, ఇషా తర్వాత కమిటీ దగ్గర కూర్చున్నాను. నేను లెక్కలు రాసుకుని పోయాను, ఐదు లక్షలు కాదు, మా ఊరికి యాభై వేలతో మొదలుపెడదామని. విన్నారు. మంచి ఖయాల్ అన్నారు. మినార్లకు టైల్స్ పని సగంలో ఉందన్నారు. ఆడవాళ్ళ వ్యవహారంలో దిగితే ఫిత్నా అవుతుందేమో అని ఒకాయన అన్నాడు. ఆయనదే ఆ ఆటోల్లో ఒకటి. బక్రీద్ తర్వాత చూద్దామన్నారు.

బయటికి వస్తుంటే మౌజన్ సాబ్ నా వెనకే వచ్చాడు. ముసలాయన, నెల జీతం నెలకు అందని మనిషి. అటూ ఇటూ చూసి, మా ఇంట్లో ఆమె కూడా సంఘంలో ఉంది బాబూ, ఇంటి రేకులకు తీసుకున్నాం, మీరు చెప్పినదాంట్లో మాకు కూడా ఉంటుందా అని అడిగాడు. ఉంటుంది చాచా, ఇన్షా అల్లాహ్ అన్నాను. ఆ మాట అనడానికి నా దగ్గర ఏముందో నాకే తెలియదు.

ఖాలా మేల్కొనే ఉంది. "పూఛ్‌కే ఆయా?" అంది. ఆయా అన్నాను. "క్యా బోలే?"

"బక్రీద్ కే బాద్ దేఖ్తే బోలే."

"అచ్ఛా" అని అల్మారా మీది నుంచి సంఘం పుస్తకం దించుకుంది. "పాంచ్ తారీఖ్ కూ కిస్తీ హై. ఎనక్ దే ఇధర్."

కళ్ళజోడు అందించాను.